ఉసుగిరి కనుమ, ఎడమ సీటు

అకగి కొండ మీంచి పొడిగాలి దిగే కాలంలో మా కిర్యూ ఊళ్ళో తలుపులన్నీ రోజంతా గొణుగుతూ ఉంటాయి. మా త్సుబమే ఆటలశాల తలుపు మాత్రం గొణగదు, అరుస్తుంది. ఎవరు వచ్చినా ముందు దాని కేక, వెనుక గాలి, ఆ తర్వాతే మనిషి. ఓగివరా చిహారు వస్తే ఆ కేక వినిపించేది కాదు. రెండు చేతులతో తలుపును కొంచెం పైకెత్తి, పసిపిల్లను పడుకోబెట్టినట్టు మూసేది. కౌంటర్లో కూర్చుని చిల్లర నాణేలు మార్చి ఇచ్చే నేను తలెత్తి చూసేసరికి ఆమె అప్పటికే ఎడమ సీట్లో ఉండేది.

చిహారు బడిపిల్లలకు మధ్యాహ్న భోజనం వండే వంటశాలలో పనిచేస్తుంది. గంగాళాలు కడిగి, బూట్లు ఆరబెట్టి, వేళ్ళకు ఉల్లి వాసన ఇంకా ఉండగానే వస్తుంది. వచ్చి ఒకే ఒక్క ఆట ఆడుతుంది. ఆ ఆటలో ఒకే ఒక్క దారి దిగుతుంది.

ఆ దారి పేరు ఉసుగిరి. ఆమె ఆడేది తెర మీది కొండదారుల్లో కార్లు పరుగెత్తించే ఆట. అందులో కనుమలు చాలా ఉన్నాయి. పిల్లలు నవ్వుతూ దాటేవి ఉన్నాయి, పెద్దలు తిట్టుకుంటూ దాటేవి ఉన్నాయి. ఉసుగిరి దగ్గర మాత్రం నవ్వూ ఉండదు, తిట్టూ ఉండదు. పైన పొగమంచు, పక్కన లోయ, నడుమ రెండు కార్లు పట్టీ పట్టని దారి. మొదట కొంత తిన్నగా సాగి, దేవదారు చెట్ల మధ్య మెలికలు తిరిగి, చివర అయిదు హెయిర్‌పిన్ మలుపులుగా కిందికి జారుతుంది. ఒక మలుపు తోక ఇంకో మలుపు నోట్లో ఉంటుంది. ఎడమకు తిరిగే నాలుగోదానికి మావాళ్ళు ‘అత్తగారు’ అని పేరు పెట్టారు. నెమ్మదిగా వెళ్తే ఆలస్యమంటుంది, వేగంగా వెళ్తే పొగరంటుంది, ఎలా వెళ్ళినా తప్పు పడుతుంది.

ఆ ఆట యంత్రాలు మా దగ్గర రెండే, పక్కపక్కన. కుడి సీటు కురతా గారిది. అలా ఎక్కడా రాసి లేదు. అయినా ఆయన లేనప్పుడు కూడా అందులో ఎవరూ కూర్చోరు. చలికాలం ఇంటింటికీ కిరోసిన్ పోసే లారీ నడుపుతాడాయన. లారీ మీద ఉన్నప్పుడు ముసలివాళ్ళ సైకిళ్ళు ఆయన్ని దాటిపోతాయి. కుడి సీట్లో కూర్చుంటే ఆయన్ని దాటినవాళ్ళు మా ఊళ్ళో లేరు. అందుకే అందరికీ ఆయన గురువుగారు.

ఎడమ సీటు కొత్తవాళ్ళది. దాని స్టీరింగ్ లూజు. ఎడమకు తిప్పితే కొంత దూరం ఊరికే తిరిగి, అప్పుడు గాని పట్టేది కాదు. రెండేళ్ళపాటు చిహారు ఆ సీటు దాటి రాలేదు. “ఖాళీగానే ఉంది కదా, ఆ పక్కకి వెళ్ళండి,” అని నేను అడిగినప్పుడల్లా, “వద్దులెండి, ఇక్కడ బాగానే ఉంది,” అనేది. ఆ లూజును ఆమె చేతులు నేర్చుకున్నాయి. మలుపు రాకముందే, మలుపు కంటికి కనబడకముందే తిప్పేది. పట్టేసరికి మలుపు వచ్చి ఉండేది. నేను వెనక నిలబడి చూసేవాణ్ణి. వాన పడబోతోందని ముందే తెలిసిన చెట్టులా ఉండేవి ఆ చేతులు.

ఆ చలికాలం రెండు కబుర్లు కలిసి వచ్చాయి. తకసాకిలో జిల్లా పోటీ జరగబోతోంది, దారి ఉసుగిరే, ఒక్కో ఆటలశాల నుంచి ఒక్కరే వెళ్ళాలి. వసంతంలో ఆ ఆట కొత్త రూపంలో రాబోతోంది, అందులో ఉసుగిరి ఉండదు. మా దగ్గర అందరికంటే తక్కువ సమయంలో కనుమ దిగిన ఇద్దరి మధ్య శనివారం మధ్యాహ్నం పందెం పెట్టి, గెలిచినవాళ్ళను పంపుదామని యజమానురాలు అసకురా మామ్మ తేల్చేసింది. ఆ ఇద్దరిలో ఒకరు ఎవరో అందరికీ తెలుసు. రెండోవాళ్ళు ఎవరో తెరమీద చూసి అందరూ నోరెళ్ళబెట్టారు.

“ఎవరు, ఆ వంటమ్మాయా?” అన్నాడు నెజు. నూడుల్స్ కొట్లో పనిచేసే నెజు నోరు ఊరుకోదు. “సీటు మారితే సరిహద్దు దాటినట్టు భయపడే అమ్మాయి తకసాకి దాకా వెళ్తుందా?”

“వెళ్తాను,” అంది చిహారు. తను పైకే అన్నానని ఆలస్యంగా తెలిసినట్టు చెవులు ఎర్రబడ్డాయి. “వెళ్ళాలని ఉంది. ఉసుగిరి పోయేలోగా దాన్ని ఒక్కసారి, అందరూ చూస్తుండగా, సరిగ్గా దిగాలని ఉంది. ఇంత ఇష్టమైనది ఇంకోటి లేదు నాకు.”

ఆమె అన్ని మాటలు ఒక్కసారి మాట్లాడటం మేమెవరం అంతకుముందు వినలేదు.

మామ్మ మాత్రం ఆ మాటలు విని మనసులో దాచుకుంది. సోమవారం మాకు సెలవు. ఆ రోజు ఆమె స్క్రూడ్రైవరు పట్టుకుని, మోకాళ్ళ మీద కూర్చుని, ఎడమ యంత్రం పొట్ట విప్పి, అరిగిపోయిన భాగం తీసి కొత్తది బిగించింది. “పిల్ల పందేనికి కూర్చునేది లూజు స్టీరింగ్ ముందా? మన పరువేం కాను?” అంది నాతో. నాకూ అది మంచిపనే అనిపించింది. నేనే లైటు పట్టుకున్నాను.

మంగళవారం చిహారు వచ్చింది. కూర్చుంది. దిగింది. ఎడమకు తిరిగే మొదటి హెయిర్‌పిన్ రాకముందే ఆమె చేతులు అలవాటుగా తిరిగాయి, కారు వెంటనే తిరిగింది, తిరిగి కొండరాతిని ఢీకొట్టింది. ఆమె చేతుల కేసి చూసుకుంది. మళ్ళీ దిగింది. మళ్ళీ రాయి.

“ఎలా ఉందమ్మా, కొత్త స్టీరింగు?” మామ్మ బార్లీ టీ పట్టుకుని వచ్చి నిలబడింది, మెరిసే ముఖంతో.

చిహారు లేచి నడుం వంచి నమస్కరించింది. “చాలా బాగుంది మామ్మా. మీకు ఎంత శ్రమ ఇచ్చానో!”

మా ఊరివాళ్ళం ఇంతే. కాలి మీద బండి ఎక్కించినా, బండి టైరుకు ఏమీ కాలేదు కదా అని అడుగుతాం. బుధవారమూ రాయే. పందెం దగ్గరపడుతోంది, రెండేళ్ళు నేర్చుకున్న విద్య ఒక్క కొత్త స్క్రూతో కరిగిపోతోంది, మామ్మ ఏమో, “పాపం, పందెమని కంగారు పడుతోంది,” అంటూ మిఠాయిలు పెడుతోంది. ఆమె ఆ మిఠాయిలు తింటోంది, థాంక్స్ చెబుతోంది, రాతిని గుద్దుతోంది.

అప్పుడు చిహారు చేసిన పని నేను ఇంకెవరి దగ్గరా చూడలేదు. వేగం మానేసింది. తెర మీద సమయం అయిపోతుంటే అయిపోనిచ్చింది. కారును నడిచే మనిషంత నెమ్మదిగా కనుమలోకి దింపింది. ఎక్కడ రోడ్డు నల్లబడుతుందో, ఎక్కడ కంచె మీద మంచు మెరుస్తుందో, ఏ దేవదారు పక్కకు రాగానే మలుపు మొదలవుతుందో పెదవులు కదిలిస్తూ తనకు తను చెప్పుకుంటూ వెళ్ళింది. ఆట ముగిసిపోయేది. నాణెం వేసి, ఆగిపోయిన చోటికి మళ్ళీ పైనుంచి నడిచి వచ్చేది. చేతులకు తెలిసినదాన్ని చేతులనుంచి తీసి, కళ్ళకు అప్పజెబుతున్నట్టుంది. కళ్ళు ముందే చూడాలి, చేతులు మాత్రం ఆగాలి. అలవాటున్న చేతులను ఆపడం ఎంత కష్టమో ఆమె భుజాలు చెప్పేవి. నూడుల్స్ తింటున్నప్పుడు కూడా ఎడమచెయ్యి ఒళ్ళో కొంచెం కదిలి, కదిలినట్టు తెలుసుకుని, ఆగేది.

ఆ తర్వాత నీడను పిలిచింది. ఆ యంత్రంలో ఒక వీలుంది: ఎవరి పరుగునైనా గుర్తుంచుకుని, తర్వాత ఆడేవాళ్ళ ముందు పొగలాంటి కారుగా నడిపిస్తుంది. దాన్ని మేం నీడ అంటాం. చిహారు కురతా గారి నీడ వెనక దిగసాగింది. దిగి దిగి, ఒకసారి కౌంటరు దగ్గరికి వచ్చి గొంతు తగ్గించి అడిగింది.

“మీరు చూశారా? తిన్నటి దారిలో కూడా ఆయన కారు కొంచెం ఎడమకు జారి, మళ్ళీ సర్దుకుంటోంది.”

“కిరోసిన్ పోసి పోసి అలసిపోయుంటాడు,” అన్నాను.

“ప్రతిసారీనా?” అంది. “ఆ కుడి సీటు ఎడమకు గుంజుతోందేమో. ఆయన కుడివైపు పట్టి ఉంచుతున్నారు, అలవాటైపోయి ఆయనకే తెలియడం లేదు.”

“ఆయనతో చెప్పండి మరి.”

“అమ్మో! గురువుగారి సీటును నేనెలా అంటాను?” అని పారిపోయింది.

గురువారం కురతా గారు లారీ ఆపి, చేతులు తుడుచుకుంటూ వచ్చాడు. చిహారు కారు అత్తగారి మలుపులో రాతికి ఆనుకుని పొగలు కక్కుతోంది.

“ఏమ్మా, అత్తగారు ఇంట్లోకి రానివ్వడం లేదా?” అన్నాడు.

వెనక ఉన్నవాళ్ళు నవ్వారు. చిహారు కూడా నవ్వింది. “నా చేతులే సరిగ్గా లేవండీ.”

“మరే. కొత్త స్టీరింగు, మామ్మ స్వయంగా బిగించింది, దానికేం రోగం? లే, చూపిస్తాను. ఎడమ సీటైతేనేం, కుడి సీటైతేనేం, దారి దారే.”

ఆయన ఎడమ సీట్లో కూర్చోవడం మా కళ్ళు చూడని వింత. అందరం దగ్గరికి జరిగాం. నాణెం వేశాడు, గేరు వేశాడు, మంచులోకి దూసుకుపోయాడు. తిన్నటి దారిలోనే కారు కుడికి, కుడికి, ఇంకా కుడికి జరిగింది. ఆయన నాలుక కరుచుకున్నాడు. పాలుతాగే పిల్లలు కూడా దాటే మొదటి వంపు దగ్గర గురువుగారి కారు కంచెను రాసుకుంటూ పోయి, అడ్డం తిరిగి, వచ్చినదారిని చూస్తూ నిలబడింది.

నెజు మెడ చాచి తెరలోకి తొంగిచూశాడు.

“గురువుగారూ,” అన్నాడు నెజు, “కిరోసిన్ ఎవరికైనా పోయడం మరిచిపోయి వెనక్కి వెళ్తున్నారా?”

ఆ నవ్వుకు తలుపు కూడా అదిరింది. కురతా గారు నవ్వలేదు. స్టీరింగును అటూ ఇటూ కదిపి చూశాడు. లేచి వెళ్ళి తన కుడి సీట్లో కూర్చుని అదీ కదిపి చూశాడు. మళ్ళీ ఎడమకు వచ్చాడు. ఆయన ముఖంలో ఏదో లెక్క మెల్లగా తేలడం కనిపించింది.

“నా సీటు వంకర,” అన్నాడు చివరికి. “ఎడమకు గుంజుతోంది. ఇన్నాళ్ళూ నాకు తెలియలేదు.” ఆ వెంటనే చెయ్యి నుదుటికి వెళ్ళింది. “అయ్యయ్యో, పోయినేడాది తకసాకి!”

పోయినేడాది ఆయన తకసాకి వెళ్ళి మొదటి పందెంలోనే ఓడి వచ్చి, ఆ ఊరి యంత్రాలన్నీ వంకరేనని చెప్పాడు. మేం ఒక్కరం కూడా అనుమానించలేదు. తకసాకివాళ్ళు ఎలాంటివాళ్ళో చూశారా అని చాలా నెలలు చెప్పుకున్నాం.

మామ్మ ఇదంతా వింటూ నిలబడి ఉంది. చేతిలో బార్లీ టీ చల్లారిపోయింది. “అంటే ఈ పిల్ల మూడు రోజులుగా గుద్దుకుంటోంది నా మూలంగానా?” అంది. “చెప్పవేం తల్లీ? పాత భాగం పారెయ్యలేదు. ఇప్పుడే బిగిస్తాను. తోమో, స్క్రూడ్రైవరు తే.”

నేను లేచాను. నిజం చెప్పాలంటే నాకూ అదే కావాలి. పాతది బిగిస్తే చిహారు చేతులకు వాటి విద్య వాటికి తిరిగి వస్తుంది, శనివారం కురతా గారికి చెమటలు పడతాయి. చిహారు స్క్రూడ్రైవరు కేసి చూసింది. ఆ చూపులో ఎంత ఆశ ఉందో నేను చూశాను.

“వద్దు మామ్మా,” అంది.

“మొహమాటపడకే.”

“మొహమాటం కాదు. మీరు పాడుచెయ్యలేదు, బాగుచేశారు. వంకరగా నేర్చుకున్నది మేం. తకసాకిలో లూజు స్టీరింగు ఎవరు పెట్టి ఉంచుతారు నాకోసం?” అని, “మిఠాయిలు మాత్రం ఆపకండి,” అంది.

అది ఆమె అందరి ముందూ వేసిన మొదటి హాస్యం. నవ్వాలో వద్దో తేల్చుకోవడానికి మాకు కొంత సమయం పట్టింది.

శుక్రవారం ఇద్దరూ వచ్చారు, వంతులవారీగా ఎడమ సీట్లో కూర్చున్నారు. గురువుగారు కూడా శిష్యుడిలా వెనక నిలబడి తన వంతుకోసం చూశాడు. ఒకరు దిగుతుంటే రెండోవారు మాట్లాడరు. చిహారు రాతిని గుద్దడం మానేసింది. కురతా గారు కంచెను రాయడం తగ్గించాడు. ఆ సాయంత్రానికి ఎవరు ముందో చెప్పడం నెజు నోటికి కూడా కష్టమైంది.

శనివారం మధ్యాహ్నం ఎండ పలచగా ఉంది, గాలి బలంగా ఉంది. పందెంలో ఎవరు ఏ సీటన్నది చేతులతో ఆడే రాయి-కాగితం-కత్తెర తేల్చాలి. ఇద్దరూ చేతులు చాచారు. చిహారు రాయి పట్టింది, కురతా గారు కాగితం పరిచాడు. సీటు ఎంచుకునే హక్కు ఆయనదైంది. కుడి సీటు ఖాయమని అందరం అటే చూశాం. చిహారు అప్పటికే ఎడమవైపు ఒక అడుగు వేసింది.

కురతా గారు ఆమె ముందునుంచి వెళ్ళి ఎడమ సీట్లో కూర్చున్నాడు.

“గురువుగారూ! అదేంటి?” అన్నాడు నెజు.

“వంకర స్టీరింగు చక్రంతో ఇక్కడ గెలిచి, తిన్నటి చక్రంతో అక్కడ మళ్ళీ నవ్వులపాలు కావాలా? ఒక్కసారి చాలు. గెలిస్తే దీని మీదే గెలుస్తాను.”

న్యాయమే. కానీ ఆ న్యాయం చిహారును ఆమె ఎన్నడూ కూర్చోని సీట్లోకి నెట్టింది. అటువైపు లూజుకు అలవాటుపడి, దాన్ని మరిచి, తిన్నటిది నేర్చుకున్న చేతులకు ఇప్పుడు ఎడమకు గుంజే మూడో చక్రం. మామ్మ నా చొక్కా చెయ్యి పట్టుకుంది. “ఆపరా,” అంది. ఆపడానికి నేనెవర్ని? చిహారు సీటు దుమ్ము తుడిచి, ఇంకొకరింట్లో చాప మీద కూర్చున్నట్టు అంచున కూర్చుంది.

తెర మీద ఎర్రదీపాలు ఆరాయి. కార్లు కదిలాయి.

తిన్నటి దారిలో ఆమె కారు ఎడమకు జారింది. నా గుండె జారింది. అది సర్దుకుంది. మళ్ళీ జారింది, ఈసారి తక్కువ. అప్పుడు తెలిసింది నాకు: ఆ జారుడు నేను ముందే చూశాను. నీడ కారు జారినట్టే జారుతోంది, నీడ సర్దుకున్నట్టే సర్దుకుంటోంది. కురతా గారి చేతులు ఆ సీటుతో ఎలా మాట్లాడతాయో ఆమె ఆయన వెనక దిగుతూ కళ్ళతో చదివేసింది. ఆ చక్రాన్ని ఆమె అంతవరకూ తాకలేదు, అయినా అది ఆమెకు కొత్తది కాదు.

దేవదారు మెలికల్లో కురతా గారు ముందున్నాడు. ఎంత శుభ్రంగా నడిపాడంటే, ఆయన లారీ వెనక విసుక్కునే సైకిలు ముసలివాళ్ళను పిలిచి చూపించాలనిపించింది. మొదటి హెయిర్‌పిన్‌లో ఆయన ముందు. రెండోదాంట్లో ఆయన ముందు. మూడోదాంట్లో ఆమె కారు ముక్కు ఆయన వెనక దీపాల ఎర్రదనంలో మునిగింది. తలుపు అరిచింది, ఎవరో వచ్చారు, ఎవరూ చూడలేదు.

అత్తగారు వచ్చింది.

కురతా గారు బ్రేకు తొక్కి, ఆగి, తిప్పాడు. తప్పు లేదు. చిహారు బ్రేకు తొక్కింది. తిప్పలేదు. అంతసేపూ కుడివైపు బిగబట్టి ఉంచిన పట్టును వదిలింది, అంతే. వదలగానే ఆ వంకర చక్రం తనంతట తనే ఎడమకు వాలింది. కారు రాతి అంచునుంచి వెంట్రుక దూరంలో, నీళ్ళు గిన్నె అంచున తిరిగినట్టు తిరిగింది. ఏ జబ్బుతో గురువుగారు ఏళ్ళ తరబడి పోరాడాడో, ఆ జబ్బు చేతే ఆమె మలుపు తిప్పించింది. బయటికి వచ్చేసరికి రెండు కార్లు పక్కపక్కనే ఉన్నాయి. అయిదోది కుడి మలుపు. అక్కడ ఆ చక్రం దయ చూపదు. ఆమె మోచేతులు బిగిశాయి, పెదవి పళ్ళ మధ్యకు వెళ్ళింది, సన్నని భుజం మొత్తం కుడికి ఒరిగింది.

గీత దాటేసరికి ఆమె కారు ముందుంది. బంపరంత ముందు.

మామ్మ ఏడ్చేసింది. నెజు నా వీపు మీద కొట్టాడు, కారణం లేకుండా. కురతా గారు స్టీరింగు మీద రెండు చేతులూ పెట్టి తెర కేసి చూశాడు.

“నాలుగోదాంట్లో ఏం చేశావు?” అన్నాడు పక్కకు తిరగకుండానే.

“ఏం చెయ్యలేదండీ. వదిలేశాను.”

“వదిలేశావా?”

“ఎలాగూ అటే వెళ్తానంటోంది కదా అని.”

ఆయన అప్పుడు తిరిగి చూశాడు. “ఇన్నేళ్ళుగా దానితో కుస్తీ పడుతున్నాను నేను! ఒక్కసారి, ఒక్కసారైనా వదిలి చూద్దామని తోచలేదు!” అని, తల వెనక్కి వాల్చి, ఆ రోజు మొదటిసారి, గాలికంటే గట్టిగా నవ్వాడు. “తకసాకికి నేనూ వస్తాను. నీ వెనక నిలబడతాను. ఆ ఊరివాళ్ళకు క్షమాపణ కూడా చెప్పాల్సి ఉంది.”

చిహారు లేచింది. ముందు ఆయనకు నమస్కరించింది, తర్వాత మామ్మకు, తర్వాత మా అందరికీ, చివరికి ఆ కుడి సీటుకు కూడా నమస్కరించి, సంచీ భుజాన వేసుకుని, ఎవరికీ అడ్డం రాకుండా గోడ పక్కనుంచి వెళ్ళబోయింది.

“ఏయ్, ఎక్కడికి?” అన్నాడు నెజు.

“నా ఆట అయిపోయింది కదా.”

“గెలిచినవాళ్ళు లేవకూడదు! ఓడినవాళ్ళే లేవాలి. ఎక్కడైనా ఇదే పద్ధతి. రెండేళ్ళుగా వస్తున్నావు, అది కూడా తెలియదా?”

తెలియకపోవడంలో వింత లేదు. ఆమె ఇంకొకరితో పందేనికి కూర్చోవడమే అది మొదలు. కురతా గారు ఎడమ సీటు ఖాళీ చేసి, మేమందరం నిలబడే చోట, మా మధ్యకు వచ్చి నిలబడ్డాడు. నెజు జేబులు తడుముకుని ఒక నాణెం తీసి ఆ సీట్లోకి దూకాడు.

“రండి మేడమ్, అత్తగారి దగ్గర నన్నూ కాస్త అవమానించండి.”

చిహారు సంచీ కింద పెట్టింది. వెళ్ళి కుడి సీట్లో కూర్చుంది. ఈసారి వీపు పూర్తిగా వెనక్కి ఆనించి కూర్చుంది.